పిడికెడు బియ్యం లెక్క

మా పుట్టిల్లు ఆళ్లగడ్డ. చిన్నప్పుడు మా ఎదురింట్లో ఒక అవ్వ ఉండేది. ముత్యాలపాడు దిక్కు నుంచి వచ్చి మా ఊళ్ళో స్థిరపడ్డ కుటుంబం వాళ్ళది. సెలవుల్లో నేను ఎక్కువసేపు ఆ ఇంట్లోనే ఉండేదాన్ని. అవ్వ పొయ్యిమీద ఎసరు పెట్టి, చేటలో బియ్యం చెరిగి, రాళ్ళు ఏరి, కడగబోయే ముందు ఒక్క పిడికెడు తీసి పక్కనున్న పాత డాల్డా డబ్బాలో వేసేది. పొద్దునొక పిడికెడు, రాత్రికొక పిడికెడు. ఇంట్లో బియ్యం నిండుకుంటున్న రోజున కూడా ఆ డబ్బా జోలికి పోయేది కాదు. ఆదివారం పొద్దున్నే దాన్ని కొంగు చాటున పెట్టుకుని చర్చికి తీసుకుపోయేది.

ఎందుకవ్వా అని నేనడిగితే, మనకన్నా లేనోళ్ళు ఉంటారు కదమ్మా అనేది. తన చిన్నతనంలో అజరయ్య బిషపు వచ్చినప్పుడు చూశాననీ, ఈ అలవాటు అప్పటి నుంచీ వచ్చిందేననీ గొప్పగా చెప్పుకునేది. నాకు అప్పట్లో ఆ పేరు చెవికెక్కలేదు. డబ్బా మాత్రం కళ్ళలో ఉండిపోయింది.

ఇన్నేళ్ళ తర్వాత ఆ డబ్బా మళ్ళీ ఎందుకు గుర్తొచ్చిందో చెబుతాను. నంద్యాలలో కాపురం పెట్టి పదిహేనేళ్ళు దాటింది. మూడేళ్ళ కిందట తెలిసినవాళ్ళ మాట కాదనలేక ఒక సేవాసంఘం కమిటీలో సభ్యురాలిగా చేరాను. పేదపిల్లల చదువుకి సాయం చేసే సంఘం. నా పనల్లా ఒకటే. నెలకోసారి ఒక అబ్బాయి రిజిస్టరు పట్టుకుని ఇంటికొస్తే, పోపు మాడకుండా చూసుకుంటూనే వంటింటి గుమ్మంలో నిలబడి సంతకం పెట్టటం. పైన ఏం రాసుందో ఒక్కనాడూ చదవలేదు.

మా ఇంట్లో పనిచేసే ఆమె ఆ సంఘానికి నెలనెలా ఇరవై రూపాయలు ఇస్తుంది. ఒకరోజు అంట్లు తోముతూ తోముతూ, మా డబ్బులు ఏ పిల్లోళ్ళకి పోతున్నాయక్కా అని అడిగింది. నేను తెల్లముఖం వేశాను. డిగ్రీ చదివి, నాలుగు కథలు అచ్చేసుకుని, ఆడవాళ్ళ ఆత్మగౌరవం గురించి రాసే నేను ఆ ఇరవై రూపాయలకు జవాబు చెప్పలేకపోయాను. తర్వాత కమిటీలో లెక్కలు చూపించమని అడిగితే, ఆడవాళ్ళకు ఆ తలనొప్పులెందుకని నవ్వేశారు.

ఆ బాధ మా వీధి చివర ఉండే రిటైరైన టీచరమ్మతో చెప్పుకున్నాను. ఆవిడ ఏమీ అనలేదు. అజరయ్యగారి గురించి ఎప్పుడైనా చదివావా అని మాత్రం అడిగారు. అలా మొదలుపెట్టి చదివిన జీవితం ఇది. మతం సంగతి పక్కన పెట్టి చదివినా, ఇచ్చే చేతికీ పెత్తనం చేసే చేతికీ మధ్య ఉన్న దూరం గురించి ఇంతగా ఆలోచించిన మనిషి మరొకరు నాకు తారసపడలేదు.

తాటిచెట్ల ఊరి పిల్లవాడు

వేదనాయగం శామ్యూల్ అజరయ్య తెలుగువాడు కాదు. తమిళదేశంలో తిరునల్వేలి సీమలోని వెళ్ళాళన్‌విళై అనే పల్లెలో 1874 ఆగస్టు 17న పుట్టాడు. ఇసకనేలలు, తాటితోపులు ఉండే ప్రాంతం. వాళ్ళది నాడార్ కులం. తాటిచెట్లెక్కి బతికే ఆ కులంవాళ్ళను ఆ రోజుల్లో చాలా గుళ్ళలోకి అడుగు పెట్టనిచ్చేవాళ్ళు కాదు. తండ్రి థామస్ వేదనాయగం పల్లెటూరి పాస్టరు. తల్లి ఎల్లెన్.

మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివాడుగానీ డిగ్రీ చేతికి రాలేదు. తర్వాతి రోజుల్లో, 1920లో, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చిన మనిషి ఆయనే! 1895లో వై.ఎం.సి.ఏ.లో చేరి ఊరూరా తిరిగే కార్యదర్శి అయ్యాడు. అక్కడే అమెరికా నుంచి వచ్చిన షెర్వుడ్ ఎడ్డీ అనే యువకుడు ప్రాణస్నేహితుడయ్యాడు. దొర పక్కన నల్లవాడు సమానంగా కూర్చుంటే వింతగా చూసే కాలంలో వీళ్ళిద్దరూ కలిసి తిరిగారు.

1898లో అన్బు మరియమ్మాళ్‌ను పెళ్ళి చేసుకున్నాడు. కట్నం లేదు, ఆర్భాటం లేదు. ఆ రోజుల్లో ఆ సీమ ఆడపిల్లల్లో కాలేజీ గడప తొక్కిన కొద్దిమందిలో ఆవిడ ఒకరు. ఆవిడ సంగతి మళ్ళీ చెబుతాను. ఎందుకంటే ఇలాంటి పెద్దవాళ్ళ జీవితకథల్లో భార్య సంగతి రెండు ముక్కల్లో తేల్చేయటం మనవాళ్ళకి అలవాటు.

సిగ్గుపడిన రోజు

ఇక్కడ కాస్త వెనక్కి వెళ్ళాలి. లండన్‌లో 1701లో, మూడో విలియం రాజుగారి సనదుతో ఎస్.పి.జి. అనే సంఘం పుట్టింది. సముద్రాలు దాటి మతప్రచారం, బడులు, ఆస్పత్రులు నడిపించటానికి ఏర్పడిన సంఘం. మన నంద్యాలలో ఎస్.పి.జి. స్కూలు అని ఈనాటికీ పిలుచుకునే పేరు ఆ సంఘానిదే. 1850ల నుంచి ముత్యాలపాడు, కలసపాడు, ఆ తర్వాత నంద్యాల వాళ్ళ ముఖ్యస్థానాలు. మన సీమను ఊడ్చిపెట్టిన 1876-78 ధాత కరువు తర్వాత వేలమంది మాల మాదిగలు ఆ నీడకు చేరారు.

మంచి పనులు జరిగాయి, కాదనను. మన పల్లెల్లో పలక పట్టనివ్వని పిల్లలు అక్షరాలు దిద్దింది ఆ బడుల్లోనే. కానీ ఒక్కసారి ఆలోచించండి. ఇక్కడి పల్లెలో పంతులుగారి జీతం ఎంతో తేలేది ఎక్కడ? లండన్‌లో ఒక గదిలో. బిషపులూ పెద్దమనుషులూ కూర్చున్న బల్ల చుట్టూ. ఆ డబ్బు ఇచ్చిందెవరో చూస్తే మరీ విచిత్రం. ఇంగ్లండు పల్లెల్లో ఇల్లాళ్ళు డబ్బాల్లో పైసా పైసా కూడేసి పంపింది కూడా అందులో ఉంది. వాళ్ళకీ ఆ బల్ల దగ్గర చోటు లేదు. 1866లో ఆడవాళ్ళ కోసం వేరే సంఘం పెట్టి, విదేశాల్లో ఆడపిల్లల చదువులకు డబ్బు పోగుచేసే పని అప్పగించారు. అంటే ఇచ్చేవాళ్ళకీ మాట లేదు, పుచ్చుకునేవాళ్ళకీ మాట లేదు. మధ్యనున్నవాళ్ళదే పెత్తనం. ఇరవై రూపాయలిచ్చే మా పనామె, సంతకం పెట్టే నేనూ గుర్తొచ్చామంటే ఆశ్చర్యమేముంది!

1902లో అజరయ్య యాళ్పాణం, అదే జాఫ్నా వెళ్ళాడు. అక్కడి తమిళ క్రైస్తవులు తమ చేతిడబ్బుతో ఇండియాకు ఒక ప్రచారకుణ్ణి పంపి పోషిస్తున్నారు. అది చూసి ఈయన సిగ్గుపడ్డాడు. తరాల తరబడి పరాయి డబ్బుతో చర్చి నడుపుకుంటున్నామే, మనం ఎవరికైనా పిడికెడు పెట్టామా అనే ప్రశ్న నిద్రపోనివ్వలేదు. మరుసటి ఏడు 1903 ఫిబ్రవరి 12న తిరునల్వేలిలో ఇండియన్ మిషనరీ సొసైటీ పుట్టింది. డబ్బు మనది, పనిచేసే మనుషులు మనవాళ్ళు, నడిపే కమిటీ మనది. ఈ మూడూ దాని మూలసూత్రాలు. పైదేశాల సాయం పుచ్చుకోకూడదు. అజరయ్య దానికి గౌరవ కార్యదర్శి.

1905 క్రిస్మస్ రోజున శ్రీరాంపూర్‌లో ఇంకొకటి, దేశమంతటికీ కలిపి నేషనల్ మిషనరీ సొసైటీ పుట్టింది. దానికీ మొదటి ప్రధాన కార్యదర్శి అజరయ్యే. బెంగాల్ విభజన మీద స్వదేశీ ఉద్యమం రగులుతున్న ఏడు అది. విదేశీ బట్టలు కాల్చిన వాళ్ళ గురించి మనం చదువుకున్నాం. అదే కాలంలో విదేశీ దానం మీద ఆధారపడనని తలెత్తిన వాళ్ళ సంగతి మనకు పాఠాల్లో రాలేదు.

మన గడ్డకు వచ్చి

తిరునల్వేలి సంఘం తన పనికి ఎంచుకున్నది తెలుగుగడ్డను. నిజాం రాజ్యంలో మానుకోట, డోర్నకల్ ప్రాంతం. తమిళ రైతులు, తాటిచెట్లెక్కేవాళ్ళు కూడేసిన డబ్బు ఎన్నడూ చూడని తెలుగు కూలీల కోసం వచ్చింది. కొన్నాళ్ళకు అజరయ్యకు ఒక సందేహం పట్టుకుంది. ఇంకొకళ్ళను పొమ్మని చెబుతూ తను కుర్చీలో కూర్చోవటం న్యాయమా అని. 1909లో గురువుగా అభిషేకం పొంది, మంచి ఉద్యోగం వదిలి, పెళ్ళాం బిడ్డలతో డోర్నకల్ చేరాడు. అప్పటికి ముప్ఫయ్యయిదేళ్ళు. ఆ వయసులో అ ఆల నుంచి తెలుగు నేర్చుకున్నాడు.

1910లో స్కాట్లండులోని ఎడింబరోలో ప్రపంచ మిషనరీల మహాసభ జరిగింది. 1200 మంది ప్రతినిధుల్లో ఆసియా వాళ్ళు ఇరవై మంది కూడా లేరు. ఆ సభలో అజరయ్య లేచి, తెల్ల మిషనరీకీ ఇండియా పనివాడికీ మధ్య ఉన్నది యజమానికీ జీతగాడికీ ఉండే సంబంధమేనని మొహమాటం లేకుండా చెప్పాడు. దానధర్మాలకు లోటు లేదుగానీ, పక్కన కూర్చోబెట్టుకునే చెలిమి ఏదని నిలదీశాడు. సభలో కొందరు మండిపడ్డారు. వాళ్ళ ఇంటికి భోజనానికెళ్ళి, విస్తరి ముందు కూర్చుని, వడ్డనలో తేడా చూపారని చెప్పినంత పనయింది మరి! కానీ ఆ సభలో ఈనాటికీ అందరూ తలుచుకునే మాటలు ఆయనవే.

1912 డిసెంబరు 29న కలకత్తాలో సెయింట్ పాల్స్ కెథెడ్రల్లో ఆయన్ని డోర్నకల్ బిషపును చేశారు. ఆంగ్లికన్ చర్చిలో బిషప్ అయిన మొట్టమొదటి భారతీయుడు. అంతకుముందు ఎంత రాద్ధాంతం జరిగిందో! ఇంగ్లీషు గురువులు ఒక నల్లవాడి కింద ఎలా పనిచేస్తారని దొరలు కొందరు గొడవ చేశారు. మనవాళ్ళలో కూడా గునిసినవాళ్ళున్నారు. మద్రాసు బిషప్ వైట్‌హెడ్ పట్టుబట్టి నిలబడ్డాడు కాబట్టి సాగింది.

మొదట చిన్నదిగా ఉన్న ఆ డయాసిస్ 1920ల మొదట్లో బాగా పెరిగింది. కృష్ణా తీరమూ, మన కర్నూలు కడప సీమల్లోని ఎస్.పి.జి. ప్రాంతమూ అందులో కలిశాయి. అలా నంద్యాల, ముత్యాలపాడు అజరయ్య పెద్దరికం కిందికి వచ్చాయి. మా ఎదురింటి అవ్వ ఆయన్ని చూడటం అందువల్లే సాధ్యమయింది. ఎడ్లబండి మీద పల్లె పల్లెకూ తిరిగేవాడు. మురికి, రోగం, అప్పు, తాగుడు, ఈ నాలుగూ మనల్ని పీడించే దయ్యాలని చెప్పేవాడు. ఆయన కాలం ముగిసేనాటికి డయాసిస్‌లో క్రైస్తవుల సంఖ్య రెండు లక్షలు దాటింది. వాళ్ళలో చాలామంది వెట్టి చాకిరీలో నలిగిన మాల మాదిగ కుటుంబాలవాళ్ళే.

పిడికెడు ఎందుకు?

ఇంత పేదవాళ్ళ దగ్గర కానుకలు అడగటం పాపం కదా అని మనకనిపిస్తుంది. నాకూ అనిపించింది. అజరయ్య ఆలోచన వేరు. పుచ్చుకోవటం ఒక్కటే తెలిసినవాడు ఎన్నటికీ తలెత్తుకోలేడు. ఎంత లేనివాడైనా ఇవ్వటం నేర్చిన రోజున సంఘం తనదవుతుంది, అడిగే హక్కు వస్తుంది. ఇవ్వటం గురించి ఆయన ఒక పుస్తకమే రాశాడు. అది చాలా భాషల్లోకి వెళ్ళింది.

నాణెం లేని ఇంట్లో ఇవ్వగలిగింది ఏముంది? గింజలు. వండే ముందు పిడికెడు. బియ్యమే కానక్కర్లేదు, మన సీమలో కొర్రలున్న ఇంట్లో కొర్రలు, జొన్నలున్న ఇంట్లో జొన్నలు. ఈ పద్ధతిలో నాకు నచ్చింది ఏమిటంటే, అది మగవాడి జేబును ఆడదాని గుప్పిటగా మార్చింది. ఇంట్లో డబ్బు మొగుడి చేతిలో ఉంటుంది. బియ్యం డబ్బా ఇల్లాలి చేతిలో ఉంటుంది. ఎవర్నీ అడగకుండా ఆమె ఇవ్వగలిగిన ఒకే ఒక్క ఆస్తి అది.

ఇక అన్బు మరియమ్మాళ్ సంగతి. నలుగురు కొడుకులు, ఇద్దరు కూతుళ్ళు. భాష రాని ఊళ్ళో కాపురం. గురువులుగా తయారవటానికి డోర్నకల్ వచ్చే మగవాళ్ళు ఒంటరిగా రాకూడదు, భార్యాబిడ్డలతో రావాలి. వాళ్ళు చదువుకుంటుంటే ఆడవాళ్ళూ చదువుకోవాలి. పల్లెకు తిరిగి వెళ్ళేది ఒక పంతులు కాదు, ఒక కుటుంబం. అప్పటిదాకా అక్షరం ముఖం చూడని కోడళ్ళకు చదువూ, శుభ్రతా, పిల్లల పెంపకమూ నేర్పే పనిలో ఆవిడ జీవితం గడిచింది. చంకలో బిడ్డ, చేతిలో పలక. ఆ ఆడవాళ్ళను తలుచుకుంటే నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

డోర్నకల్లో కట్టిన ఎపిఫనీ కెథెడ్రల్ ఫొటో చూసినప్పుడు మొదట మసీదేమో అనుకున్నాను, తర్వాత గుడేమో అనుకున్నాను. గుమ్మటాలు, మినార్లు, తామరపూల స్తంభాలు. ఇంగ్లండు చర్చిని తెచ్చి ఇక్కడ దించకుండా, మన కట్టడాల పోలికలతో ఏళ్ళ తరబడి కట్టించి 1939 జనవరి 6న ప్రతిష్ఠ చేశాడు.

ఆయన్ని విమర్శించినవాళ్ళు లేరా? ఉన్నారు. అందరిలోకీ పెద్దవాడు గాంధీగారే. హరిజనులను మతం మార్చటం గాంధీగారికి నచ్చలేదు. తమ దారి తామే ఎంచుకునే తెలివీ హక్కూ వాళ్ళకూ ఉన్నాయని అజరయ్య వాదన. 1937 నాటికి ఆ తేడా బాగా ముదిరింది. అదే అజరయ్య క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు వద్దని కూడా గట్టిగా నిలబడ్డాడు. ఇల్లు నడపటంలోనూ చర్చి నడపటంలోనూ కఠినమనిషి. అంత స్వదేశీ మనిషీ తన పెద్ద డయాసిస్‌ను లండన్ డబ్బు లేకుండా పూర్తిగా నడపలేకపోయాడు. నాకైతే ఆ ఓటమి కూడా ఆయన్ని దగ్గర చేసింది. ఇల్లు గడవటానికి పుట్టింటివాళ్ళు పంపింది పుచ్చుకుంటూనే, నా ఇల్లు నేను నడుపుకుంటానని పట్టుబట్టే ఆడపిల్ల బాధ మనకు తెలియనిదా?

నంద్యాల మలుపు

వేర్వేరు చర్చిలన్నీ ఒక్కటి కావాలని 1919లో తరంగంబాడి సమావేశం నుంచీ ఆయన పాటుపడ్డాడు. అది చూడకుండానే 1945 జనవరి 1న డోర్నకల్లో కన్నుమూశాడు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. విచిత్రం చూడండి, ఆయన డయాసిస్‌లోని మన నంద్యాల ప్రాంతంలోనే వేలమంది అందులో చేరమని పక్కకు తప్పుకున్నారు. పాత ఆరాధన మీద మమకారం కొంత, స్థానిక తగాదాలు కొంత. లండన్‌లో ఎస్.పి.జి. పెద్దలు, ఐక్యసంఘంలో చేరిన ప్రాంతాలకు మామూలు నిధి నుంచి కాక వేరే ఖాతా నుంచే డబ్బు పంపాలని నిర్ణయించారు. బల్ల మళ్ళీ సముద్రానికి అవతలే ఉండిపోయింది. ఇక్కడ అన్నదమ్ములు విడిపోయారు. 1963లో నంద్యాల వేరే డయాసిస్ అయింది. 1970లలో గానీ ఐక్యసంఘంలో కలవలేదు.

కథ ఇక్కడితో అయిపోతే నేను ఈ వ్యాసం రాసేదాన్ని కాదేమో. 2013 సెప్టెంబరులో అదే నంద్యాలలో, హోలీక్రాస్ కెథెడ్రల్లో, ఎగ్గోని పుష్పలలిత బిషప్‌గా అభిషేకం పొందింది. దక్షిణ ఇండియా సంఘంలో బిషప్ అయిన మొట్టమొదటి స్త్రీ. కర్నూలు జిల్లా దిగువపాడులో పుట్టిన ఆడబిడ్డ. నూరేళ్ళ కిందట ఒక భారతీయుడు ఆ కుర్చీలో ఎలా కూర్చుంటాడని గొడవపడ్డారు. ఒక ఆడది ఎలా కూర్చుంటుందన్న ప్రశ్నకు మన ఊరే జవాబు చెప్పింది. గుప్పిట్లో గింజలు తెచ్చి డబ్బాలో వేసిన వాళ్ళ మనవరాలి తరం బల్ల దగ్గరకు చేరింది.

ఇదంతా చదివాక మా కమిటీ సమావేశానికి మొదటిసారి నేనే నడిచి వెళ్ళాను. రిజిస్టరు నా ముందుకు జరిపితే, మొదటి పేజీ నుంచి చదివాకే సంతకం పెడతానని చెప్పాను. గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఒకాయన గడియారం చూసుకున్నాడు. నేను చదువుతూనే కూర్చున్నాను. దొంగతనమేమీ బయటపడలేదు. కానీ ఇచ్చినవాళ్ళకు సంవత్సరానికోసారి కూడా లెక్క చెప్పే ఏర్పాటు లేదని తెలిసింది. అది పెట్టేదాకా సంతకం చెయ్యనన్నాను. రెండు నెలలు నాతో ఎవరూ సరిగా మాట్లాడలేదు. చివరికి లెక్కలు గోడకు అంటించారు.

మా పనామెకు చదువు రాదు. నేనే పక్కన నిలబడి చదివి వినిపించాను. అంతా విని, మరి ఆ మూడో పిల్లకి పోయినేడు ఫీజు తగ్గించి కట్టారెందుకని అడిగింది. ఆ ప్రశ్న మా కమిటీలో ఎవరికీ తట్టలేదు. వచ్చే సమావేశానికి ఆమెను వెంటబెట్టుకుని వెళ్ళబోతున్నాను.